సోల గ్లాసు మీద గీత

కందుకూరుకు పడమటగా ఉన్న ఒక మెట్ట గ్రామంలో, రెండేళ్ళ క్రితం మాఘమాసపు ఉదయాన, అంగన్‌వాడీ కేంద్రం వరండాలో నలభై మంది దాకా ఆడవాళ్ళు షుగర్ పరీక్ష కోసం వరుసగా కూర్చుని ఉన్నారు. పరీక్ష అయిన ప్రతి ఒక్కరి చేతిలోనూ ఒక రంగుల కరపత్రం పెట్టి, దాన్ని రెండు మాటల్లో వివరించడం నాకు అప్పగించిన పని. దళసరి కాగితం, మంచి అచ్చు, వెదికినా అక్షరదోషం దొరకని తెలుగు. నడిమధ్యన ఒక పళ్ళెం బొమ్మ ఉంది. ఆ పళ్ళెంలో సగం దాకా పచ్చని కూరగాయలు, ఒక పక్క గోధుమ రొట్టె, మరో పక్క చేప ముక్క, పళ్ళేనికి ఆవల ఒక ఆపిల్ పండు, చిన్న గిన్నెలో ఓట్స్. యాభై దాటిన ఒకావిడ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసి, నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగింది: “అమ్మా, ఇందులో కూడు ఏడుంది?”

ఆమె తప్పు పట్టడానికి అడగలేదు. షుగర్ వచ్చింది ఆమెకు కూడా కాదు. పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా మంట చూసుకుని పగలు నిద్రపోతున్న ఆమె భర్తకు. ఆయన తరఫున మాట విని వెళ్ళి, ఆ పూట వంట చేయవలసిన మనిషి కాబట్టి, ఏమి వండాలో తెలుసుకోవడానికి అడిగింది. మూడు పూటలా అన్నం తినే ఇంటికి అన్నం బొమ్మ లేని పళ్ళెం ఇచ్చి పంపుతున్నానన్న సంగతి, ఆమె అడిగేదాకా, ముప్పై ఒక్క సంవత్సరాలు ఇదే పనిలో ఉన్న నాకు తట్టలేదు. ఆ రోజు నేను ఆమెకు సరైన సమాధానం చెప్పలేకపోయాను. “అన్నం తగ్గించమ్మా” అన్నాను. “ఎంత తగ్గించేది?” అని ఆమె అడిగితే, “సగం” అన్నాను. దేనిలో సగమో నాకే తెలియదు.

నేను 1990లో నెల్లూరు జిల్లాలో ఏఎన్ఎంగా చేరి, ఉదయగిరి, కలిగిరి వైపు సబ్ సెంటర్లలో పనిచేసి, హెల్త్ సూపర్‌వైజర్‌గా పదవీ విరమణ చేశాను. పుట్టిల్లు కనిగిరి వైపు, అత్తిల్లు కందుకూరు. ఇప్పుడు ఇలాంటి శిబిరాలకు పిలిస్తే వెళుతూ ఉంటాను. ఆ రాత్రి, టెక్సాస్‌లో ప్రజారోగ్యం చదువుతున్న మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడు ఈ ప్రశ్న చెప్పాను. “అమ్మా, ఇదే ప్రశ్న మీద ఇక్కడ లాటినోల మధ్య ఏళ్ళ తరబడి పరిశోధన జరుగుతోంది” అంటూ, తమ తరగతిలో చర్చించిన వ్యాసాలను ఒకటొకటిగా నాకు విప్పి చెప్పడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం మా ఇద్దరికీ అదే పని అయింది. ఆమె చదివి చెప్పేది, నేను నా ఊళ్ళను తలచుకుంటూ వినేదాన్ని. ఆ వినికిడిలో నాకు పట్టుబడినదాన్ని, నాకు తెలిసిన పల్లెల పక్కన పెట్టి, ఇక్కడ రాస్తున్నాను.

మెక్సికో, ప్యూర్టోరికో, క్యూబా, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా దేశాల మూలాలు కలిగి అమెరికాలో నివసించేవారిని కలిపి లాటినోలు అంటారు. వారిలో మధుమేహం ఎక్కువ. టెక్సాస్ దక్షిణపు కొసన, రియో గ్రాండే నదిని ఆనుకుని, మెక్సికో సరిహద్దులో స్టార్ కౌంటీ అనే పేద ప్రాంతం ఉంది. అక్కడి జనంలో దాదాపు అందరూ మెక్సికన్ మూలాల వారే. షారన్ బ్రౌన్ అనే నర్సింగ్ ఆచార్యురాలు, తన సహచరులతో కలిసి, అక్కడ 256 మంది మధుమేహ రోగులతో చేసిన అధ్యయనం ఫలితాలు 2002లో వెలువడ్డాయి. పరిశోధనకు నాయకత్వం వహించింది ఒక నర్సు అని విన్నప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోను. రోగులను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు వెంటనే శిక్షణ మొదలుపెట్టారు, రెండో జట్టును ఏడాది ఆగమన్నారు. శిక్షణ స్పానిష్ భాషలో, అదే ప్రాంతపు మెక్సికన్ మూలాల నర్సులు, ఆహార నిపుణులు, స్థానిక కార్యకర్తల చేత జరిగింది. అది పాఠశాలల్లో, చర్చిల్లో, జనానికి అలవాటైన చోట్ల జరిగింది. ఏడాది పొడవునా మొత్తం 52 గంటలు. ప్రతి రోగీ తనతో పాటు ఇంటి మనిషిని ఒకరిని, వీలైతే భార్యనో భర్తనో, వెంటబెట్టుకు రావాలి. వారు రోజూ తినే మెక్సికన్ వంటల మీదనే పాఠం నడిచింది. ఆ వంటలను మానేయమని ఎవరూ చెప్పలేదు.

ఆరు నెలలకు, మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో, శిక్షణ పొందిన జట్టు సగటు రెండో జట్టు కంటే 1.4 శాతం పాయింట్లు తక్కువగా ఉంది. మాత్రలతో సాధించే తగ్గుదలతో పోల్చదగినది ఇది. అయితే అదే వ్యాసంలో, అంత తగ్గిన తరువాత కూడా ఆ సగటు 10 శాతం పైనే ఉందని, అంటే ఇంకా ప్రమాదకరంగానే ఉందని పరిశోధకులు రాశారు. ఆ వాక్యం దగ్గర మా అమ్మాయిని ఆపి, మరొకసారి చదివించుకున్నాను. మన సమీక్షా సమావేశాలలో ఇంత నిక్కచ్చిగా రాసిన నివేదిక ఒక్కటి చూసినా నా ఉద్యోగం ఇంకొంచెం వేరుగా సాగేదేమో.

52 గంటలు అన్న సంఖ్య కూడా నన్ను వదలలేదు. ఆ శిబిరంలో ఒక్కొక్క మనిషికి నేను ఇచ్చినది మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలలో రోగి ఉన్నది తక్కువ, రోగి ఇంట్లో వండే మనిషి ఉన్నది ఎక్కువ. అయినా ఆ వండే మనిషిని రోగికి కబురు మోసుకెళ్ళే మనిషిగా చూశానే తప్ప, అసలు పాఠం వినవలసింది ఆమేనని అనుకోలేదు. లాటినోల కుటుంబ బంధాన్ని స్పానిష్‌లో ఫమిలిస్మో అంటారట. ఇంటివాళ్ళ కోసం ఒకరు తన ఇష్టాన్ని వెనక్కు పెట్టుకోవడం, ముఖ్యమైన నిర్ణయాలు అందరూ కలిసి తీసుకోవడం అందులో భాగం. పరిశోధకులు దాన్ని అడ్డంకిగా లెక్కపెట్టకుండా ఆసరాగా లెక్కపెట్టారు. మయామీ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ‘ఫమిలియాస్ ఉనిదాస్’ అనే కార్యక్రమం కూడా ఈ దారిదే. కౌమారంలో ఉన్న పిల్లలను మత్తుకు, ప్రమాదకరమైన నడవడికి దూరంగా ఉంచడం దాని లక్ష్యం కాగా, పాఠాలు ఎక్కువగా తల్లిదండ్రులకే. వలస వచ్చిన తల్లిదండ్రులకు పిల్లల బడి, పిల్లల స్నేహాలు అర్థం కాక వారి చేతిలోంచి పట్టు జారిపోతుందని గమనించి, ఆ పట్టును తిరిగి వారి చేతికివ్వడమే ఆ కార్యక్రమపు పని.

ఇక్కడ ఒక భేదం చెప్పాలి. 1999లో కెన్ రెస్నికోవ్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు, ఆరోగ్య ప్రచారంలో సంస్కృతికి తగిన మార్పు రెండు పొరలలో ఉంటుందని రాశారు. పై పొర అంటే భాష, బొమ్మలు, బట్టలు, పాట, తిండి పేర్లు. లోపలి పొర అంటే ఆ జనం జబ్బు ఎందుకు వస్తుందనుకుంటారు, ఎవరి మాట వింటారు, దేనికి సిగ్గుపడతారు, దేన్ని బాధ్యత అనుకుంటారు అన్నవి. పై పొర మార్పు వల్ల మాట చెవిన పడుతుంది. మనసుకెక్కాలంటే ఆ మాట లోపలి పొరకు తగ్గట్టు మారాలి. అంతకు నాలుగేళ్ళ ముందు, 1995లో, ప్యూర్టోరికోకు చెందిన గిల్లెర్మో బెర్నాల్, మరో ఇద్దరితో కలిసి, లాటినోల కోసం చికిత్సలను మలిచేటప్పుడు చూసుకోవలసినవి ఎనిమిది అని గుర్తించారు: భాష, చెప్పే మనిషి, నుడికారాలు, విషయం, భావన, లక్ష్యం, పద్ధతి, పరిస్థితి. ఈ ఎనిమిదింటినీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ మా కరపత్రాన్ని మళ్ళీ చూశాను. మొదటి వేలు దగ్గరే లెక్క ఆగింది. తెలుగు ఉంది, తెలుగు ఒక్కటే ఉంది. ఆ తరువాత మరో శిబిరంలో, అదే కరపత్రాన్ని “స్థానికం చేశాం” అంటూ తెచ్చారు. బొమ్మలోని స్త్రీకి చీర కట్టి, బొట్టు పెట్టి, వెనక ఒక కొబ్బరిచెట్టు వేశారు. మెట్టలో కొబ్బరిచెట్టు. పళ్ళెంలో ఓట్స్ అలాగే ఉన్నాయి.

సంస్కృతి అనే మాటను ఒక్క ముద్దగా పట్టుకోవడంలో కూడా ప్రమాదం ఉంది. బ్రాంక్స్, షికాగో, మయామీ, శాన్ డియెగో ప్రాంతాలలో 2008 నుంచి 2011 దాకా 16,415 మంది లాటినోలను పరీక్షించిన పెద్ద అధ్యయనంలో మధుమేహం అందరిలో కలిపి 16.9 శాతం కనిపించింది. విడదీసి చూస్తే దక్షిణ అమెరికా మూలాల వారిలో 10.2 శాతం, మెక్సికన్ మూలాల వారిలో 18.3 శాతం. ఒకే భాష, ఒకే పేరు, ఇంత తేడా. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలు మాత్రం ఒకటా? పెన్న కింద కాలవ నీళ్ళతో మొలగొలుకులు పండించిన నెల్లూరు డెల్టా ఇల్లు, వరిగ, సజ్జ, జొన్న తిని బతికి, ఎనభైలలో రెండు రూపాయల బియ్యం వచ్చాక వాటిని దాదాపు వదిలేసిన మెట్ట ఇల్లు, అన్నం విషయంలో ఒక్కలా ఆలోచించవు. డెల్టాలో అన్నం తరతరాల తిండి. మెట్టలో అన్నం గౌరవం. ఒకప్పుడు పండగకు మాత్రమే దొరికినది రోజూ దొరుకుతోందన్న తృప్తి. అక్కడికి వెళ్ళి “సజ్జ రొట్టె తినండి, చిరుధాన్యాలు మంచివి” అని చెబితే, పాత కరువు రోజులకు పొమ్మన్నట్టు వినబడుతుందని నాకు ఒక అవ్వ ముఖం చూసి అర్థమైంది. తీరంలో చేపలు పట్టే పట్టపువారి ఇళ్ళలో తమిళపు ఛాయలున్న మాట వేరు, చెరువులనూ కాలవలనూ నమ్ముకున్న యానాదుల బతుకు వేరు. ఒంగోలులోనో నెల్లూరులోనో అచ్చువేసిన ఒక్క కాగితం వీరందరికీ సరిపోతుందని అనుకోవడం, స్పానిష్‌లో రాస్తే లాటినోలందరికీ సరిపోతుందని అనుకోవడం లాంటిదే.

లోపలి పొర గురించి చదువుతున్నప్పుడు నా పాత తప్పు ఒకటి గుర్తుకు వచ్చి, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మెక్సికన్ మూలాల వారిలో చాలామంది, మధుమేహం ‘సుస్తో’ వల్ల, అంటే హఠాత్తుగా తగిలిన భయం వల్ల, మనసుకు తగిలిన దెబ్బ వల్ల మొదలైందని చెబుతారట. మనిషి చనిపోయిన కబురు విన్నప్పుడో, ప్రమాదం కళ్ళారా చూసినప్పుడో ఒంట్లో ఏదో మారిపోయి, ఆ తరువాత చక్కెర వచ్చిందని వారి నమ్మకం. మన దగ్గర అదే మాటను “దిగులుతో వచ్చింది” అంటారు. నేను కలిగిరి వైపు ఉన్నప్పుడు, కొడుకు పోయిన ఏడాదికే షుగర్ బయటపడిన ఒక తల్లి, “నా బిడ్డ దిగులే ఇట్టా వచ్చింది నర్సమ్మా” అంది. “దిగులుకు షుగర్ రాదమ్మా, తిండి వల్ల వస్తుంది” అని నేను గట్టిగా చెప్పాను. చెప్పింది పూర్తిగా తప్పు కాదు, చెప్పిన తీరు తప్పు. ఆ మాటతో ఆమె దుఃఖానికి చోటు లేదని చెప్పినట్టయింది. ఆమె మళ్ళీ సబ్ సెంటర్ గడప తొక్కలేదు. ఆమె కాలి పుండు సంగతి నాకు పక్క ఊరి ఆయా ద్వారా తెలిసేసరికి రెండు వేళ్ళు తీసేశారు. ఆ రోజు “కొడుకు పోయాక నువ్వు సరిగా తిన్నావా, నిద్ర పోయావా, నిన్ను నువ్వు చూసుకున్నావా?” అని అడిగి, ఆ దిగులు దారినే మందుల దాకా నడిపించి ఉండవచ్చు. మానసిక ఒత్తిడి చక్కెరను పెంచుతుందన్నది వైద్యం ఒప్పుకున్న సంగతే. ఆమె మాటలో నిజం ఉంది, నా మాటలోనూ నిజం ఉంది. రెండింటినీ కలిపే ఓపిక నాకు అప్పుడు లేకపోయింది.

అమెరికా పరిశోధన ఇంత బాగుందని రాస్తున్నాను గానీ, ఇటువంటి పని మన నేల మీద, నా కళ్ళ ముందే, ఎవరూ దానికి ఆ పేరు పెట్టకుండానే జరిగింది. 1991లో నెల్లూరు జిల్లాలో ‘అక్షర దీపం’ అనే సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది. నా సంచిలో సారా వల్ల కలిగే అనర్థాల మీద ఒక బొమ్మల పుస్తకం ఉండేది. అందులో ఒక ఆరోగ్యవంతమైన కాలేయం, ఒక చెడిపోయిన కాలేయం. దాన్ని తెరిచి చూపిస్తే మగవాళ్ళు నవ్వి లేచిపోయేవారు. ఆడవాళ్ళు మౌనంగా చూసేవారు, ఎందుకంటే కాలేయం ఎట్లా ఉంటుందన్నది వాళ్ళ బాధ కాదు. ఆ ఉద్యమం నడిపిన రాత్రి బడి వాచకంలో మాత్రం సీతమ్మ కథ ఉంది. తాగుబోతు మొగుడు, ఖాళీ కుండ, దెబ్బలు తిన్న ఒళ్ళు. ఆ పాఠం చదివించిన రోజున అక్షరాలు కూడబలుక్కుంటున్న ఆడవాళ్ళు పలక పక్కన పెట్టి మాట్లాడడం మొదలుపెట్టారు. “ఇది మా ఇంటి కథే” అని ఒకరు అంటే, “మా ఇంటిది కూడా” అని మరొకరు. ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో సారాను ప్యాకెట్లలో ఊరూరా అందిస్తున్న రోజులవి. పనికి కూలి వచ్చే లోపల ప్యాకెట్టు ఇంటికి వచ్చేది.

కలిగిరి మండలంలోని దూబగుంట ఆడవాళ్ళు తమ ఊరి సారా కొట్టును మూయించారు. వారి కథ తరువాతి వాచకంలోకి ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠంగా ఎక్కింది. ఒక ఊరి ఆడవాళ్ళు చేసినది మరో ఊరి ఆడవాళ్ళకు పాఠమైంది. ఆ పాఠం చదివి ఊరూరా ఆడవాళ్ళు చీపుళ్ళు, కారప్పొడి పట్టుకుని కొట్ల ముందు నిలబడ్డారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అదే సంవత్సరం అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. ఆ పోరాటంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు అందరికీ తెలుసు. అది ఆరోగ్య పరిశోధనగా తలపెట్టినది కాదు. అయినా రెస్నికోవ్ చెప్పిన లోపలి పొర ఏమిటో నాకు ఆయన వ్యాసం కంటే ఆ రాత్రి బడిలోనే ముందు కనబడింది. కాలేయం బొమ్మ చేయలేని పనిని సీతమ్మ చేసింది. సీతమ్మ బాధ చదివేవారి బాధ, చెప్పే మనిషి వాళ్ళ వీధి పిల్ల, పాఠం ముగిసే చోట ఒక ప్రశ్న ఉంది గానీ ఆజ్ఞ లేదు. ఆ అనుభవం ఉన్న జిల్లాలో, ముప్పై ఏళ్ళ తరువాత, ఓట్స్ బొమ్మ పంచడానికి నేను ఎట్లా ఒప్పుకున్నానన్నదే నన్ను బాధించే విషయం.

చెప్పే మనిషి గురించి ఇంకొక మాట. లాటినోల మధ్య ‘ప్రొమోటోరా’ అనే స్త్రీలు ఉంటారు. వారు నర్సులు కారు, డాక్టర్లు కారు. అదే వీధిలో ఉండి, కొంత శిక్షణ పొంది, ఇంటింటికీ తిరిగి ఆరోగ్యం మాట్లాడే పొరుగింటి మనుషులు. మనకు 2005 తరువాత వచ్చిన ఆశా కార్యకర్తలు ఈ పనికి సరిగ్గా సరిపోయేవారే. అయితే ఆశాను మనం రిజిస్టర్లు నింపే మనిషిగా చేశాము. ఆమెకు తెలిసినది ఎవరూ అడగరు, ఆమె చేత చెప్పించవలసినది మాత్రం పైనుంచి వస్తుంది. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గాలో, మొహర్రం నాడు జరిగే రొట్టెల పండుగ తలచుకుంటే నాకు ప్రొమోటోరా పని ఇంకా బాగా అర్థమవుతుంది. ఆరోగ్యం కోరుకునేవారు చెరువులో నిలబడి ఆరోగ్య రొట్టె అందుకుంటారు. ఆ కోరిక తీరినవారు మరుసటి ఏడాది అదే రొట్టె తెచ్చి, కోరుకునే మరొకరి చేతిలో పెడతారు. ఇచ్చేవారు నిన్నటి దాకా పుచ్చుకున్నవారే. చక్కెరను అదుపులోకి తెచ్చుకున్న ఒక స్త్రీ మరొక స్త్రీకి చెప్పినంతగా నేను ఎన్నడూ చెప్పలేను.

సంస్కృతిని గౌరవించాలంటూనే, అన్నిటికీ సంస్కృతినే కారణంగా చూపే పొరపాటు గురించి కూడా రాయాలి. లాటినోల మీద వచ్చిన రచనల్లో ‘ఫతలిస్మో’ అనే మాట తరచుగా వస్తుంది: అంతా దైవాధీనం, మన చేతిలో ఏమీ లేదు అనుకోవడం. అందుకే వారు పరీక్షలకు రారని కొందరు రాశారు. మరికొందరు ఎదురుతిరిగి, బీమా లేని మనిషి, ఒక పూట పని మానితే కూలి పోయే మనిషి పరీక్షకు రాకపోవడాన్ని నమ్మకం మీదకు నెట్టవద్దన్నారు. నేను ఈ రెండో మాట పక్షాన నిలబడతాను. కారణం మా అవ్వ. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పటి నెల్లూరు జిల్లాలో ఉండగా, 1937లోనే, ఈ నేల నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకలను ఎట్లా వంచుతోందో షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు మద్రాసు రాజధానిలో జరిపిన పరిశోధనగా ప్రకటించారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడని ఫ్లోరైడ్ మా బావుల్లో ఎంతో మించి ఉండేది. నా చిన్నతనానికే మా అవ్వ నడుము విల్లులా వంగింది. మా పళ్ళన్నీ గారపళ్ళు. ఎవరైనా అడిగితే అవ్వ, “ఈ నీళ్ళ రాత ఇంతే” అనేది. ప్రశ్నావళి పట్టుకుని వచ్చిన ఎవరైనా ఆ సమాధానం ఎదురుగా ‘కర్మవాదం’ అని గుర్తు పెట్టుకునేవారు. కానీ ఊరికి మంచినీళ్ళ ట్యాంకరు మొదటిసారి వచ్చిన రోజున, తెల్లవారకముందే, అందరికంటే ముందు బిందె పెట్టి కూర్చున్నది ఆ వంగిన నడుము అవ్వే. అవ్వ ఆ మాట అన్నంత కాలం మా ఊళ్ళో వేరే నీళ్ళు లేవు. బెర్నాల్ ఎనిమిదింటిలో చివరిదైన ‘పరిస్థితి’ని నేను మొదట పెడతాను. పైపు రాని ఊళ్ళో మాటను ఎంత అందంగా మలిచినా ఎముక వంగక మానదు.

ఇక మలచడం ఎంతవరకు? 2004లో ఫెలీపె గొంజాలెస్ కాస్ట్రో, ఆయన సహచరులు రాసిన వ్యాసం ఈ చిక్కు గురించే. ఒక కార్యక్రమం ఫలించడానికి కారణమైన అసలు పట్టును చెడగొట్టకుండా, కొత్త జనానికి సరిపోయేట్టు చేయడం ఎట్లా? ఇది మాటలతో తేలదు, కొలిచి చూడాలి. అమెరికాలో 3,234 మందితో జరిగి 2002లో వెలువడిన మధుమేహ నివారణ అధ్యయనంలో, 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మనకు దగ్గరలోని చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ నేతృత్వంలో 531 మందితో జరిగి 2006లో వెలువడిన భారతీయ అధ్యయనంలో ఆ తగ్గుదల 28.5 శాతం, అదీ బరువులో చెప్పుకోదగ్గ మార్పు లేకుండానే. అక్కడి లక్ష్యాన్ని అక్షరాలా తెచ్చి ఇక్కడ పెడితే మనవాళ్ళు ఓడిపోయినట్టు కనిపించేవారు. తిండి, నడక అనే అసలు పట్టును ఉంచుకుని మన ఒళ్ళకు తగిన కొలత పెట్టుకోబట్టి ఫలితం తెలిసింది. దీనికి మరోవైపు కూడా ఉంది. మన ఊళ్ళలో “చేదు తింటే తీపి విరుగుతుంది” అని కాకరకాయ రసం, వేపాకు మింగుతారు. ఆ నమ్మకాన్ని నేను ఎగతాళి చేయను. కాకరకాయ కూర అన్నాన్ని తగ్గిస్తుందంటే సంతోషిస్తాను. కానీ ఆ చేదు కోసం మాత్ర మానేస్తామంటే, అక్కడ సర్దుబాటు లేదు. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. అంతమంది ఉన్న చోట మర్యాద కోసం నిజాన్ని పలచన చేయలేము.

పోయిన కార్తీకంలో అదే ఊరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి కరపత్రాలు తీసుకుపోలేదు. ఆ ఊరి ఆశా అమ్మాయి సాయంత్రం తన ఇంటి అరుగు మీద పదకొండు మందిని కూర్చోబెట్టింది. “మీ ఇంట్లో బియ్యం దేంతో కొలుస్తారు?” అని అడిగాను. ఆ ప్రశ్నతో అందరూ ఒకేసారి మాట్లాడారు. కొందరి దగ్గర మామూలు గ్లాసు, ఎక్కువమంది దగ్గర పాతకాలపు కొలత అయిన సోల. కూడు ఏడుందని అడిగిన ఆవిడ ఇంటికి వెళ్ళి, అడుగు నల్లబడిన తన సోల గ్లాసు తెచ్చింది. పూటకు ముగ్గురికి నిండు సోల, పైన ఒక గుప్పెడు. ఆ గుప్పెడు ఎందుకని అడిగితే, “తల కొట్టినట్టు కొలవకూడదు, ఇంటికి అరిష్టం” అంది. ఆ గుప్పెడును నేను ముట్టుకోలేదు. సోలనే గిద్దెడు, అంటే నాలుగో వంతు, మేర తగ్గించి, గుప్పెడు అలాగే వేస్తే ఎట్లా ఉంటుందని అడిగాను. వాళ్ళలో వాళ్ళు వాదించుకున్నారు. తగ్గిన కూడు చోట ఏమి పెట్టాలన్న దాని మీద ఇంకా ఎక్కువ వాదించుకున్నారు: చిక్కటి పప్పు, గోంగూర, దొండకాయ వేపుడు కాకుండా కూర. మగవాళ్ళు కోప్పడతారని ఒకరంటే, “చెప్పకుండా తగ్గిస్తే వాళ్ళకెట్టా తెలుస్తాది, కూర ఎక్కువ పెడితే అదే తింటారు” అని ఒక కోడలు అంది. నడక మాటకు వస్తే, ఊరి రోడ్డు మీద ఊరికే నడిస్తే జనం చూస్తారన్నారు. అందరూ కలిసి పోలేరమ్మ గుడి దాకా వెళ్ళి రావడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

ఆ కోడలు లోపలికి వెళ్ళి ఎర్రటి గోళ్ళరంగు సీసా తెచ్చింది. సోలలో బియ్యం పోసి, గిద్దెడు తీసి, ఎంత దాకా ఉన్నాయో లోపలి వైపు సన్నగా ఒక గీత గీసింది. ఆరేదాకా అందరూ ఆ గ్లాసును చేతులు మార్చుకుంటూ చూశారు. చీకటి పడేలోపల మరో ఆరు సోలలు ఆ అరుగు మీదికి వచ్చాయి. వచ్చే నెల వారి భర్తలకు, వారికి కూడా, హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించడానికి ఒప్పించాము. మూడు నెలలకు ఒకసారి మళ్ళీ చేయించి, తగ్గినా తగ్గకపోయినా ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టాలని ఆశా అమ్మాయీ నేనూ అనుకున్నాము.

ఇప్పుడు వాళ్ళ చేతనే ఒక కొత్త కాగితం రాయిస్తున్నాము. బొమ్మ ఇంకా కుదరలేదు. పళ్ళెం వద్దు, సోల వేయమంటున్నారు. మొదటి వాక్యం మాత్రం ఆ పెద్దావిడ చెప్పినట్టే ఉంచాము: “కూడు మానొద్దు, గీత దాకా పొయ్యండి.”